మేకపిల్లకు అన్నం పెట్టకండి



ముద్దుగా పెంచుకునే మేకపిల్లపై మీరు ప్రచురించిన వ్యాసం బాగుంది. అయితే నెల దాటితే మిగిలిన అన్నం పెట్టొచ్చన్న సలహాను నేను ఒప్పుకోలేను. అన్నం, సంగటి, బియ్యం ఎక్కువైతే పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది. పొట్ట ఉబ్బి పిల్ల ప్రాణమే పోవచ్చు. మా పెద్దదోర్నాలలో ప్రేమకొద్దీ చాలామంది ఇలా అన్నం పెడుతున్నారు, అదే నా బాధ.

మరి ఏం పెట్టాలంటే, పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగించాలి. రోజు మొత్తానికి పిల్ల బరువులో పదోవంతు, అంటే 2 కిలోల పిల్లకు సుమారు 200 మిల్లీలీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టాలి. తల్లి లేని పిల్లకైతే పాలు గోరువెచ్చగా ఉండాలి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండో వారం దాటాక లేత అవిశ, సుబాబుల్ రెమ్మలు నోటికందే ఎత్తులో కట్టాలి. నేలమీద వేస్తే తొక్కేస్తుంది, తొక్కింది ముట్టదు. ఆకు మేస్తే నెమరుపొట్ట ఎదుగుతుంది.

నల్లమల అంచున ఉన్నాం, చిరుతలు తిరిగే చోటు. రాత్రిపూట పిల్లను ఆరుబయట కట్టకండి. నట్టల మందు, మూడు నెలలు దాటాక పారుడు రోగం టీకా పశువైద్యుణ్ణి అడిగి తప్పక వేయించండి.

– ఒక మేకల పెంపకందారు, పెద్దదోర్నాల