ఇంటికి వచ్చినది, చేతికి అందినదా?

ఒక పరికరము ఇంటికి వచ్చుట వేరు. అది ఇంటిలోని ప్రతియొక్కరి చేతికి అందుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా లెక్కించుట వలననే సెల్‌ఫోనును గూర్చియు, ఇంటర్నెట్టును గూర్చియు నేడు మనము చేయుచున్న అంచనాలు పెక్కు తప్పిపోవుచున్నవి. ఆ తప్పు లెక్కల భారము చివరకు ఎవరిమీద పడుచున్నదో ఉపాధ్యాయులకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

పూర్వము మన యిండ్లకు యంత్రములు వచ్చిన తీరును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. పల్లెలలో రేడియో మొదట పంచాయతీ కార్యాలయమునకు వచ్చినది; ఊరివారు అక్కడ చేరి వార్తలు, వ్యవసాయ కార్యక్రమములు వినిరి. తరువాత అది కలవారి ముందుగదిలోని బల్లమీదికి చేరినది. వీధికొక టెలివిజను ఉన్న దినములలో ఇరుగుపొరుగు పిల్లలు గుమ్మములో కూర్చుండి ఆదివారపు సీరియలు చూచిరి. టెలిఫోను లేని గృహస్థు పొరుగువారి నంబరును తన చిరునామా క్రింద వ్రాసి, ప్రక్కన పి.పి. అని చేర్చెడివాడు. ఎస్.టి.డి. బూత్‌లో మీటరుపై ఎర్రని అంకెలు పరుగెత్తుచుండగా మాటలను తూచి మాట్లాడితిమి. ఈ యంత్రము లన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. అవి ఒకచోట కదలక యుండెడివి. మనుష్యులు వాని చెంతకు పోయెడివారు. ఆ అరుగులు, ఆ గుమ్మములు అందరికిని సమానముగా తెరచియుండెనని చెప్పజాలము. అయినను యంత్రము ఎక్కడ నున్నదో అందరికిని తెలియును.

సెల్‌ఫోను ఈ రీతిని తలక్రిందులు చేసినది. మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ నగరముల మధ్య జరిగినది. ఆ సంవత్సరమే ఆగస్టు 15న ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. ఆనాడు వచ్చిన కాల్‌కు సైతము రుసుము చెల్లింపవలసి యుండుటచే ఫోను సంపన్నుల భోగవస్తువుగనే యుండెను. 2003లో వచ్చు కాల్సు ఉచితమైన పిమ్మట అది తాపీపనివాని జేబులోనికి, కూరగాయల బండిమీదికి చేరినది. మిస్‌డ్ కాల్ ఇచ్చి కాసు ఖర్చు లేకుండ కబురు చెప్పు నేర్పు మనవారికి అప్పుడే అలవడినది. ఇక 2016వ సంవత్సరమున మూడు సంఘటనలు కలిసివచ్చినవి. ఏప్రిల్‌లో యు.పి.ఐ. చెల్లింపుల విధానము ప్రారంభమైనది. సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర పడిపోయినది. నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటింపబడినది. అప్పటినుండి ఫోను మాటలాడు సాధనముగా మాత్రమే నిలువక, డబ్బుసంచియు, సినిమాహాలును, పత్రికయు తానే అయినది. అనగా ఒకచోట నుండు యంత్రము స్థానమున ఒక మనిషి వెంట తిరుగు యంత్రము వచ్చినది. ఆ మనిషి ఎవరు? సమస్య యంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు ఈ ప్రశ్న మన గడపలోనికి వచ్చి నిలిచినది. అంతకు ముందు 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున నూటికి 23.8 ఇండ్లకే ఇంటర్నెట్ సౌకర్యముండెను. గ్రామములలో అది 14.9 మాత్రమే. కంప్యూటరు గల ఇండ్లు నూటికి 10.7. ఇట్టి స్థితిలో తెలంగాణ ప్రభుత్వము 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠములు ప్రసారము చేయించినది. ఆంధ్రప్రదేశ్‌లోను దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు వచ్చినవి. టెలివిజను ఇంటిలోనే యుండును గనుక ఈ యేర్పాటు వివేకవంతమైనదే. కాని టెలివిజను పాఠము చెప్పగలదేగాని, విద్యార్థి సందేహమును వినజాలదు. సందేహము తీర్చుకొనుటకు, ఇంటిపని పంపుటకు మరల ఫోనే కావలసివచ్చినది.

గ్రామీణ విద్యను ఏండ్ల తరబడి పరిశీలించుచున్న 'అసర్' నివేదికలు ఇచ్చట మనకు దారి చూపును. బడిలో చేరిన గ్రామీణ బాలబాలికలలో స్మార్ట్‌ఫోను గల ఇండ్లవారు 2018లో నూటికి 36.5, 2020లో 61.8, 2021లో 67.6. మూడేండ్లలో ఇంత పెరుగుదల సామాన్యము కాదు. అయితే ఆ 2021 నివేదికయే మరొక సంగతియు చెప్పుచున్నది. ఇంట ఫోనున్న పిల్లలలోనే నూటికి 26 మందికి దానిని వాడుకొను అవకాశమే లేదు. పాఠము ఉదయము పదిగంటలకు వచ్చును. ఫోను తండ్రితో కూడ పొలమునకో, కూలికో పోయి రాత్రికి గాని తిరిగిరాదు. అప్పటికి పిల్లవానికి నిద్ర, ఫోనుకు చార్జింగు.

ఇంటిలో ఫోను ప్రయాణించు క్రమము మనకు తెలియనిది కాదు. మొదటిది సంపాదించు వానికి. రెండవది సాధారణముగా పెద్దకుమారునికి. కొత్తది కొన్ననాడు పాతది, తెర పగిలినది, తల్లి చేతికి వచ్చును. కూతురి వంతు అందరికిని చివర. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఎప్పుడైన ఒక్కసారి ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు నూటికి 48.8, స్త్రీలు 21. తెలంగాణలో పురుషులు 57.4, స్త్రీలు 26.5. వీరందరును ఒకే కప్పు క్రింద నివసించువారే గదా! ఇంటిని లెక్కించు సర్వేకు ఈ అంతరము కానరాదు. మనిషిని లెక్కించిననే కానవచ్చును.

కాలము గడచినకొలది అన్నియు సర్దుకొనునని కొందరందురు. అందులో సత్యము లేకపోలేదు. 2024 అసర్ నివేదిక నాటికి 14-16 ఏండ్ల గ్రామీణ విద్యార్థులలో నూటికి దాదాపు 90 మంది ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నది. 82 మందికి దానిని వాడుట తెలియును. అయినను, వాడుట తెలిసినవారిలో సొంత ఫోను గల బాలురు నూటికి 36 కాగా, బాలికలు 27 మాత్రమే. ఇండ్లు దాదాపు నిండిన తరువాతను చేతుల నడుమ ఎడము మిగిలియే యున్నది. సొంత ఫోనుండుటే మేలని ఇందుకు అర్థము కాదు. వారములో చదువుపనికి ఫోను వాడినవారు 57 మంది కాగా, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది అని ఆ నివేదికయే తెలుపుచున్నది. మితము నేర్పుట ఒక పని, అవకాశము కల్పించుట మరొక పని. మొదటిదానికై చింతించుచు రెండవదానిని మరువరాదు. అన్నియు సర్దుకొనునందాక పదవతరగతి పరీక్ష ఆగదు గదా!

ఇది చదువుతో ముగియునది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినది. కార్యాలయముల చుట్టు తిరుగు శ్రమ తగ్గుట మంచిదే. కాని నేడు పెక్కు పనులకు ఓటీపీ కావలెను. అది నమోదైన నంబరునకే పోవును. తల్లి ఖాతాకు కుమారుని నంబరు ఇచ్చి, అతడు పనికై దూరపు నగరమునకు పోయినచో, ఆమె సొమ్మును గూర్చిన కబురు అతని జేబులో మ్రోగును. ఖాతా ఆమెది, తాళపుచెవి అతనిది.

ఇందుకు ఉపాధ్యాయులు చేయదగిన పని కలదు. 'మీ యింట ఫోను కలదా?' అని అడుగుట మాని, 'ఏ గంట నుండి ఏ గంట వరకు నీ చేతిలో నుండును?' అని అడుగవలెను. తరగతి పుస్తకములో ఒక పుట దీనికి కేటాయించిన చాలును. ఆ జవాబులు చూచిన పిమ్మట, ఫోనులో మాత్రమే ఇంటిపని ఇచ్చుటకు చేయి సాగదు. అదే పని నల్లబల్లమీదను వ్రాయబుద్ధియగును. కంప్యూటరు గదికి తాళమువేయు వేళను ఒక గంట వెనుకకు జరుపబుద్ధియగును.

విద్యార్థులు చేయదగినదియు ఒకటి కలదు. వచ్చిన సందేశమును చదువుటయు, ఓటీపీని అపరిచితులకు చెప్పకుండుటయు, తన ఖాతాకు తన నంబరే ఇచ్చుటయు తల్లికి నేర్పవలెను. అక్షరములు దిద్దించిన చేతికి అది తీర్పదగిన ఋణము.