పక్క ఖాళీకి రంగు పులిమితే సరా?

నాణెం వేసి ఆడే పాత వీడియో గేములు మళ్లీ ఇళ్లలోకి వస్తున్నాయి. చిక్కల్లా తెరతోనే. 1980 నాటి పాక్‌మన్, 1981 నాటి గెలాగా నిలువు తెర కోసం తయారైనవి. 1920 చుక్కల వెడల్పు, 1080 ఎత్తు ఉన్న టీవీలో ఆట 810 చుక్కల్లోనే సర్దుకుంటుంది. అటూ ఇటూ 555 చొప్పున నలుపే! కొందరు ఆటనే సాగదీస్తున్నారు. గుండ్రటి పాక్‌మన్ కాస్తా నొక్కిన బూరెలా తయారవుతోంది. దానికంటే తెర చుట్టూ బెజెల్ బొమ్మ గీసుకోవడమే మేలు.

మరి గీసే తీరో? మంటలు, మెరుపులు పెట్టి ఆటనే మింగేస్తున్నారు. చూపు పక్కకు లాగితే ఆడేదెలా? పాతవాళ్లకు ఈ లెక్క తెలుసు. 1978లో టైటో కంపెనీ స్పేస్ ఇన్వేడర్స్ తెచ్చినప్పుడు తెర నలుపు తెలుపే. దానిపై రంగు పట్టీలు అంటించి రంగులు పుట్టించారు. అంటే పైపై హంగు కాదు, అదీ ఆటలో భాగమే.

ఆ పెట్టెలు చాలావరకు తుక్కులో కలిశాయి. బొమ్మలపై గీసినవారి పేర్లూ తరచూ ఉండవు. చెన్నై మౌంట్‌రోడ్డు సినిమా కటౌట్ల కథా ఇంతే కదా, ఫ్లెక్సీ వచ్చింది, కుంచె పోయింది. అందుకే గీసేవారు ముందు అసలు బొమ్మను స్కాన్ చేసి దాచాలి. గీతలు పడినచోట సరిచేయొచ్చు, రంగులు మార్చొద్దు. మధ్య కిటికీ ఖాళీగా వదిలి, దాని అంచులు ముదురుగా ఉంచాలి. సొంత బొమ్మ వేస్తే కొత్తదని చెప్పాలి. పాతదాన్నే దిద్ది తమ పేరు వేసుకోవడం మాత్రం కుదరదు.