నాల్గవ స్థానము

2021వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీ ఉదయమున మన దేశమున ఒక వింత జరిగినది. గోల్ఫు ఆటలో దెబ్బలు తక్కువైనవారు గెలుతురో, ఎక్కువైనవారు గెలుతురో కూడ ఎరుగని జనులు వేకువనే లేచి, టోకియో సమీపమునందలి కసుమిగసెకి మైదానమున ఒక బెంగుళూరు యువతి బంతిని గుంటలో వేయునా, వేయదా యని ఊపిరి బిగబట్టి చూచిరి. ఆమె అదితి అశోక్. అప్పటికి ప్రపంచపు పట్టికలో ఆమెది 200వ స్థానము. నాలుగు దినముల ఆటను 269 దెబ్బలతో ముగించి, ఒక్క దెబ్బ తేడాతో పతకమును పోగొట్టుకొని నాల్గవదిగా నిలిచెను. ఆ సాయంకాలమే నీరజ్ చోప్రా ఈటె విసరి బంగారు పతకము గెలిచెను. ఉత్సవము న్యాయమే. కాని ఉదయమున చూచిన యాటను రాత్రికే మరచితిమి. ఈ మరపులో పత్రికలవారమైన మాకును పాలు కలదని ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

ఆమె అచ్చటికి చేరిన త్రోవ ఎట్టిది? 1998లో జననము. తలిదండ్రులు గోల్ఫు కుటుంబములవారు కారు; అయిదారేండ్ల బిడ్డతోపాటు తామును నేర్చుకొనిరి. 2015లో ఇంగ్లీషు గడ్డమీద ఔత్సాహిక స్త్రీల స్ట్రోక్‌ప్లే పోటీని గెలిచెను. ఔత్సాహికులకు అప్పుడు కీర్తియే గాని బహుమాన ద్రవ్యము లేకుండెను. ఆ యేటి చివర మొరాకో దేశమున ఐరోపా టూరు ప్రవేశపు పోటీలో పదునేడేండ్ల వయసున ప్రథమురాలై, 1916 నాటి దొరసానులు ఊహింపనైన లేని రీతిగా, 2016 జనవరి మొదటి తేదీన వృత్తి క్రీడాకారిణి యయ్యెను. పాఠశాల విద్య ముగిసినదియు ఆ యేడే. ఆగస్టులో రియో ఒలింపిక్సునకు పోగా తండ్రియే కర్రల సంచి మోసెను. మొదటి రెండు దినములును 68 చొప్పున ఆడి, పిమ్మట జారి 41వ స్థానమున దిగెను. నవంబరులో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఐరోపా టూరున జయమందిన మొదటి భారత మహిళ యయ్యెను. మరుసటి యేడు అమెరికా టూరు. ఆ త్రోవలో 1990ల నాడే స్మృతి మెహ్రా ముందు నడిచెనని ఇచట చెప్పకుండుట అన్యాయము.

టూరనిన విహారము కాదు. వారము వారము ఒక్కొక్క ఊరు. ప్రయాణవ్యయము తనది, బస తనది, సంచి మోయువాని కూలి తనది. సాధారణముగా రెండు దినముల ఆట కాగానే వెనుకబడినవారిని తొలగింతురు. అట్లు తొలగినవారికి ఆ వారము చిల్లిగవ్వ ముట్టదు. సేద్యగానికి వానవలె వీరికి ఆ శుక్రవారపు లెక్క. దూరము కొట్టుటలో అదితి బలాఢ్యులకు వెనుకబడినదే. పచ్చికపై బంతిని మెల్లగా గుంటలోనికి దొర్లించు నేర్పుతో ఆ లోటు పూడ్చుకొనుచు వచ్చినది. టోకియోకు ముందు కోవిడు సోకి దేహబలము తగ్గినప్పుడు కూడ ఆ నేర్పే నిలబెట్టినది. ఆ పోటీలో సంచి మోసినది తల్లి.

ఇక ఆ మైదానమును గూర్చి ఒక్క మాట. 1929లో స్థాపితమైన కసుమిగసెకి క్లబ్బు, ఒలింపిక్ సంఘము ఒత్తిడి చేసిన మీదట, 2017లో గాని స్త్రీలకు పూర్తి సభ్యత్వ మీయలేదు. ఈ ఆటకు శాసనకర్తలైన సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 2014 దాక తమ సంఘమున స్త్రీని చేర్చుకొననే లేదు. అట్టివారి గుమ్మములగుండ మన పిల్ల నడచిపోయినది. అయితే వారిని నిందించి సంతసించుట మాకు చాలదు. ఇంగ్లీషువారు 1829లో కలకత్తాయందు గోల్ఫు క్లబ్బు పెట్టిరి. దొరలు పోయిరి, ప్రహరీగోడలు పోలేదు. గోలకొండ కోటలోని నయాఖిల్లాయందు చక్కని మైదానము కలదు. కోట చూడవచ్చు బాలికలలో ఎందరు ఆ పచ్చికపై అడుగిడగలరు?

రియోలో వెండిపతకము గెలిచిన సింధును చూచి మన తెలుగునాట బాలికలు రాకెట్టు పట్టిరి; పట్టుటకు గచ్చిబౌలిలో గోపీచందు శిక్షణాలయ మొకటి ఉన్నది గనుక. అదితిని చూచి కర్ర పట్టదలచిన బీదపిల్ల ఎచటికి పోవలెను? ఇది ధనికుల వినోదము, నీటిని నేలను మ్రింగునది, దీనికి మన సానుభూతి యేల యని కొందరందురు. నీటి మాట నిజమే. కాని మన దేశమున పలు గోల్ఫు మైదానములు సర్కారు నేలలోనో, సైన్యపు నేలలోనో ఉన్నవి. ప్రజల నేలపై ప్రజల బిడ్డలకు వారమున రెండు ఉదయములు విడుచుట దానము కాదు, బాకీ తీర్చుట. పురపాలక పాఠశాలల బాలికలకు పాతకర్రలు, బంతులు ఎరువిచ్చి, ఒక శిక్షకుని నియమించిన చాలును. క్లబ్బుల ఆదాయమున కిది బరువు కాదు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఏడు దెబ్బల ఆధిక్యముతో తుదిదినమున అడుగిడి, 77 దెబ్బలాడి, అదితి వెండితో తృప్తిపడవలసి వచ్చెను. గోల్ఫున భారత స్త్రీకి అది మొదటి ఆసియా పతకము. అయినను బంగారము జారెనని నిట్టూర్చినవారే హెచ్చు. ఆ యేడే కెన్యాలోను స్పెయినులోను ఆమె టూరు పోటీలు గెలిచినది మాలో ఎందరికి తెలియును? ఇకమీదట మన స్త్రీలు టూరున ఆడిన వారములందు, మొదటి స్థానమైనను నలుబదవదైనను, ఆ ఫలిత మీ పుటలో వేయుదుము.