ఒక్క సెకండు పంచాయితీ

భూమి తిరిగే రఫ్తార్‌కీ, అటామిక్ గడియారాల హిసాబ్‌కీ రవ్వంత ఫరక్ వస్తుందట. అది సరిచేయడానికి 1972 నుంచి 27 సార్లు దునియా గడియారాలకు ఒక్కో సెకండు కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31న. 2012లో ఆ ఒక్క సెకండుకే కొన్ని పెద్ద వెబ్‌సైట్లు పరేషానై కూలబడ్డాయి. ఈ తలనొప్పి మనకొద్దు, 2035లోగా ఆపేద్దామని 2022లో దేశాలు కలిసి ఫైసలా చేశాయి.

ఒక్క సెకండుకు ఇంత ఫికరా! మన షాదీఖానాకు వచ్చి చూడమనండి. రుక్కా మీద రాత్రి 8 గంటలు. దస్తర్‌ఖాన్ పరిచేసరికి 11. దూల్హే మియా ఇంకా రాస్తాలోనే. మూడు గంటలంటే 10,800 సెకండ్లు జనాబ్!

నవ్వుకోండి, పర్వాలేదు. కానీ ఇన్సులిన్ తీసుకుని ఆ మూల కుర్చీలో కూర్చున్న నానీమా సంగతేంటి? తిండి ఆలస్యమైతే ఆమెకు షుగర్ పడిపోతుంది. పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిన ఆటో భాయ్ సంగతేంటి? మెహమాన్ల వక్త్ మనకు ముఫ్త్‌గా వచ్చిందా?

రుక్కా మీద వేసిన టైం కూడా ఒక వాదాయే. నిలబెట్టుకోలేమంటే సాఫ్‌గా 11 అనే అచ్చు వేయించండి. నానీమాకి ఇంట్లోనే రెండు రోటీలు తినిపించి తీసుకొస్తాం.