ఆ ప్యాకేజీ మీ పిల్లలది కాదు

ఇంటర్ ఫలితాలు రాగానే ఊరూరా ఫ్లెక్సీలు లేస్తాయి. కోటు తొడుక్కున్న ఓ కుర్రాడు, పక్కన ఎర్రటి అక్షరాల్లో లక్షల అంకె. ఇంజినీరింగ్‌తో మొదలైన ఈ జాతర ఇప్పుడు బీబీఏకూ పాకింది. రెండు యూనివర్సిటీల బ్రోచర్లు ముందేసుకుని, ఏ అంకె పెద్దదైతే అక్కడ అడ్వాన్సు కట్టేస్తున్నారు. ఫీజు ఎక్కువైతే క్యాంపస్ పెద్దది, క్యాంపస్ పెద్దదైతే ప్యాకేజీ పెద్దది అన్నది అందరి నమ్మకం. నాకైతే వీటి మధ్య సంబంధమే కనిపించదు.

ముందు ఆ అంకె సంగతి. పదిమందికి ఉద్యోగాలొచ్చాయనుకుందాం. ఒకరికి 24 లక్షలు, మిగతా తొమ్మిదిమందికి తలా 4 లక్షలు. హయ్యెస్ట్ 24, సగటు 6. ఫ్లెక్సీ మీద కనిపించేవి ఈ రెండే. పదిమందినీ జీతాల వరుసలో నిలబెడితే నడిమధ్యవాళ్లకు వచ్చేది 4. మీడియన్ అంటే అదీ. మీ అమ్మాయి ఆ ఒక్కరవుతుందో, ఆ తొమ్మిదిమందిలో ఉంటుందో మీరే ఆలోచించుకోండి. పైగా ఆ 24 సీటీసీ లెక్క. పీఎఫ్‌లో కంపెనీ వాటా, బీమా ప్రీమియం, టార్గెట్ కొడితేనే ఇచ్చే వేరియబుల్ పే, అన్నీ అందులోనే. ఇక వంద శాతం ప్లేస్‌మెంట్ అంటే చేరినవాళ్లలో వందా, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరిచ్చినవాళ్లలో వందా? బ్యాక్‌లాగులున్నాయని పక్కనపెట్టినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. బీటెక్ కుర్రాడికొచ్చిన ఆఫర్‌ను బీబీఏ బ్రోచర్‌లో అచ్చేయడమూ చూస్తూనే ఉన్నాం.

అసలు లెక్క దొరకదా అంటే, కొంత దొరుకుతుంది. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల్లో పాల్గొనే సంస్థలు మూడేళ్ల డిగ్రీలో ఎందరు చేరారు, ఎందరు గడువులో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతమెంత అన్నవి ఇవ్వాలి. అది ఎవరైనా చూడొచ్చు. సంస్థలు తమ గురించి తాము చెప్పుకున్నదే, పైగా మూడేళ్ల కోర్సులన్నీ కలిపేస్తారు. అయినా ఫ్లెక్సీ కన్నా నయం.

బ్రాండ్ ఉంటే రేపు ఎంబీఏకు పనికొస్తుంది కదా అంటారు. క్యాట్‌కు కావలసింది ఏదో ఒక డిగ్రీలో 50 శాతం మార్కులు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. ఉస్మానియా కింద చదివిన మామూలు బీకాం చాలు. సీఏకైతే ఇంటర్ అవగానే ఫౌండేషన్ రాసుకోవచ్చు, యూనివర్సిటీ పేరు అడిగేవాడే లేడు.

పేరుకు విలువున్న చోట్లూ ఉన్నాయి, కాదనను. ఐఐఎం ఇందోర్ 2011లో మొదలుపెట్టిన ఐదేళ్ల ఐపీఎం, ఢిల్లీ షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీ బీఎంఎస్ అలాంటివి. అక్కడ వడపోత గట్టిది; పక్కన కూర్చున్నవాడి దగ్గర నేర్చుకునేదే సగం. డబ్బు కడితే సీటిచ్చే చోట ఆ వడపోత ఏదీ? వాళ్లూ ఎంట్రన్స్ పెడతారంటారా, అందులో తప్పినవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

ఇక క్యాంపస్. రింగు రోడ్డు అవతల ఏసీ హాస్టల్, గేటు దాటాలంటే అవుట్‌పాస్. వ్యాపారం నేర్వాల్సిన పిల్లల్ని బజారు కంటపడని చోట కూర్చోబెట్టి సప్లై చెయిన్‌ను పీపీటీలో చెబుతున్నారు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. తేజ రకం మిర్చి ధర ఇవాళ నచ్చలేదని రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, దాని మీద అప్పు తెస్తాడు. అద్దె, వడ్డీ, రంగు దిగితే పడే కోత, ఇవన్నీ పోగా క్వింటాలుకు ఎంత పెరిగితే గిట్టుబాటు? కమిషన్ దుకాణంలో గుమాస్తా ఇది చీటీ వెనక తేల్చేస్తాడు. వర్కింగ్ క్యాపిటల్ పాఠమంటే ఇదే. ఏటా లక్షలు కట్టించుకున్న చోట మూడో ఏడు విద్యార్థిని ఇదే లెక్క అడగండి.

సిటీ బస్సు దూరంలోని కాలేజీలో బీకాంలో చేరి, మధ్యాహ్నాలు ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల పని చేసిన పిల్లలకు అబ్బేది ఇంతకన్నా ఎక్కువని నా వాదన. మిగిలిన డబ్బు ఎంబీఏకు ఉంటుంది.

సీట్లు అయిపోతున్నాయి సార్ అని అడ్మిషన్ల వాళ్లు ఫోన్ చేస్తే రెండే అడగండి. బీబీఏ వరకే మీడియన్ ఎంత? అకౌంట్స్ చెప్పే మాస్టారు ఎవరు, ఎన్నాళ్లుగా ఉన్నారు? క్యాంపస్ చూడ్డానికి ఫ్రీగా కారు పంపిస్తామంటే పెట్టేయండి ఫోను.