మోకాలినొప్పియు మాత్రలును



మా యత్తగారు మోకాళ్లనొప్పికై డైక్లోఫెనాక్ మాత్రలను రెండేండ్లు దినదినము మ్రింగిరి. అంగడినుండి తెప్పించి చేతికందించినవారము మేమే. ఒకనాడు మలము తారువలె నల్లబడెను. జఠరమునఁ బుండుపడి రక్తము స్రవించుచున్నదని వైద్యులు చెప్పిరి. ఇట్టి మాత్రలు నొప్పి నడఁచుచునే కడుపును, మూత్రపిండములను జెఱుపఁగలవు; రక్తపుపోటును బెంచఁగలవు.

మాత్ర మానిన నేమి గతి యని వారు కంటఁదడి పెట్టిరి. వైద్యుల యనుమతితో మేము చేసినది చెప్పెదము. కుర్చీపైఁ గూర్చుండి, కాలు తిన్నగాఁ జాఁచి, యైదు లెక్కించువఱకు నిలిపి దింపవలయును. ఒక్కొక్క కాలికిఁ బదిమార్లు, దినమునకు రెండు పూటలు. తొడకండలు బలపడినకొలఁది మోకాలికి శ్రమ తగ్గును. స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో, అడుగడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టిరి. వేడి కాపడము హాయినిచ్చును. ఊఁతకఱ్ఱను నొప్పిలేని వైపు చేతఁ బట్టవలయును. పీటకు మాఱు కుర్చీ మేలు.

అయితే వేళ్లకీళ్లు వాచి, యుదయమున గంటసేపు బిగిసియుండినచో నది వేఱు వ్యాధి కావచ్చును. ఆలస్యమైనఁ గీళ్లు వంకరపోవును. వెంటనే వైద్యునికిఁ జూపుఁడు. పేరులేని పొడులను నమ్మకుఁడు. వానిలో స్టెరాయిడ్లు కలిపి యమ్ముటయుఁ గలదు.

మూఁడు నెలలైనది. నొప్పి పూర్తిగాఁ బోలేదు. కాని యత్తగారు తులసికోటచుట్టుఁ దామే ప్రదక్షిణము చేయుచున్నారు. మీ యింటి పెద్దలు దినమును మ్రింగు మాత్ర యేదో నేఁడే యడిగి తెలిసికొనుఁడు. మేము రెండేండ్లు అడుగమైతిమి.