అనుమతి ఎవరి మెయిల్‌కి వచ్చింది?

ఆత్మకూర్ (ఎస్) మండలంలో చాలా ఏళ్ళుగా కూలి స్త్రీల మధ్య పనిచేస్తున్న ఒక కార్యకర్తతో కలిసి 2025 వానాకాలంలో నేను బ్యాంకాక్ వెళ్ళాను. అక్కడ ఒక సమావేశంలో ఆమె మాట్లాడాలి, నేను అనువదించాలి. రాత్రి శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి "డిజిటల్ అరైవల్ కార్డు చూపించండి" అంది. ఆమె సంచిలోంచి పాస్‌పోర్టు, టికెట్టు, ఆహ్వాన పత్రం, ఫోన్ నంబర్లు రాసిన చీటీ అన్నీ బయటికి తీసింది. కార్డు మాత్రం లేదు.

"నింపిచ్చినం మేడం. సూర్యాపేటల నెట్ సెంటర్ల పన్నెండు వందలు తీసుకున్నరు. అది మా మరిది కొడుకు మెయిల్‌కు వచ్చిందంట" అంది.

ఆ అబ్బాయి ఫోన్ స్విచాఫ్. మండలాఫీసు ముందు, పోలీసు స్టేషన్ ముందు ఎవరికీ జంకకుండా మాట్లాడే మనిషి ఆ కౌంటర్ ముందు మాట రాక నిలబడిపోయింది. పక్కకి జరిగి నా ఫోన్లోనే మళ్ళీ ఫారం నింపాం. పావుగంట పట్టింది. పైసా ఖర్చు కాలేదు, ఎందుకంటే ఆ కార్డు ఉచితం. విమానంలో కూర్చున్నాక ఇంకో సంగతి నాకు తట్టింది. ఈసారి ఆ కార్డు నా మెయిల్‌కి వచ్చింది. అంటే రెండోసారి కూడా ఆమె చేతికి రాలేదు!

థాయిలాండ్ ఈ కార్డుని 2025 మే 1 నుంచి విదేశీయులందరికీ తప్పనిసరి చేసింది. దేశంలో అడుగుపెట్టడానికి ముందు మూడు రోజుల లోపల పాస్‌పోర్టు నంబరు, విమానం వివరాలు, బస చేసే చిరునామా ఆన్‌లైన్‌లో నింపాలి. మలేషియా, సింగపూర్ కూడా ఇలాంటి కార్డులే అడుగుతున్నాయి. ఇవి వీసాలు కావు. వీసా అవసరమైన చోట అది వేరే ఉండాలి. బ్రిటన్ పెట్టిన ఈటీఏ, అమెరికా ఈఎస్‌టీఏ, యూరోపియన్ యూనియన్ 2026 చివర్లో మొదలుపెడతామన్న ఈటీఐఏఎస్, ఇవన్నీ వీసా అక్కర్లేని దేశాలవాళ్ళ కోసం. భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకి ఆ దేశాలకి వీసాయే కావాలి. ఈ తేడా తెలియనివాళ్ళకి ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి అమ్మడం సులభం. ఉచితంగా దొరికే కార్డుకి డబ్బు వసూలు చేయడం ఇంకా సులభం.

అయితే నా ఆందోళన డబ్బు గురించి మాత్రమే కాదు. ఒకప్పుడు విమానంలో ఇచ్చిన కాగితం మీద మనమే రాసుకునేవాళ్ళం. రాయడం రాకపోతే పక్క సీటామెని అడిగేవాళ్ళం. ఇప్పుడా కాగితం ఇంట్లో ఉండగానే నిండాలి. దానికి ఫోను, ఈమెయిలు, పాస్‌వర్డు, ఓటీపీ కావాలి. మన ఇళ్ళల్లో ఇవి ఎవరి చేతుల్లో ఉన్నాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. స్త్రీ ప్రయాణానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఇంట్లో మగవాడి ఫోన్ గుండా రావలసి వస్తే, ప్రభుత్వం అడగకపోయినా అతని అనుమతి కూడా అందులో చేరిపోయినట్టే కదా!

చట్టంలో లేని ఈ అనుమతి కొత్త దారిలో మళ్ళీ ఇంట్లోకి వస్తోంది. విదేశాలకి వెళ్ళడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో దాన్ని ఇంకా గట్టిపరిచింది. పాస్‌పోర్టు దరఖాస్తుకి వివాహ ధ్రువపత్రం అక్కర్లేదని, విడిపోయిన స్త్రీ భర్త పేరు ఇవ్వనవసరం లేదని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించింది. అయినా 2025లో ఒక భార్య తన పాస్‌పోర్టుకి భర్త సంతకం అవసరం లేదని చెప్పించుకోవడానికి మద్రాసు హైకోర్టుదాకా వెళ్ళాల్సి వచ్చింది. సంతకం అడిగితే కోర్టుకి వెళ్ళొచ్చు. పాస్‌వర్డు చెప్పకపోతే ఏ కోర్టుకి వెళ్తాం?

"ఇంట్లోవాళ్ళేగా, సాయం చేస్తే తప్పేమిటి?" అని మన మిత్రులే అడుగుతారు. సాయం తప్పు కాదు. తాళం తీసిపెట్టి తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటే అది సాయం కాదంటున్నాను. కూతురి పురుడుకి అమెరికా వెళ్ళే తల్లుల్నే చూడండి. వీసా ఫారంలో గత అయిదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతారు. ఎవరి సాయంతో నింపినా చివర్లో సంతకం దరఖాస్తుదారుదే. అక్కడ ఏ జవాబు రాశారో ఆమెకి ఎవరూ చదివి చెప్పరు. తప్పు తేలితే మాత్రం తిరస్కరణ ఆమె పేరు మీదే నమోదవుతుంది.

పేరు అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పుకోవాలి. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీ. ఆత్మకూరుని ఇంగ్లీషులో ఒక కాగితంలో హెచ్ పెట్టి, ఇంకో దాంట్లో పెట్టకుండా రాస్తారు. మగవాడి పేరు పెళ్ళితో మారదు కనుక ఈ చిక్కు ఎక్కువగా ఆడవాళ్ళదే. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళని సందర్శక వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటి పేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. పెళ్ళితో పేరు మార్చడం మన సంప్రదాయం. దాని ఖర్చు విమానాశ్రయంలో స్త్రీ కడుతోంది.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకి. పదో తరగతి పాసవనివాళ్ళు ఉద్యోగానికి ఆ దేశాలకి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ పద్ధతిలో ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీలకి ఇంటిపనికి ఆ అనుమతి ఇవ్వరు. రక్షణ పేరుతో పెట్టిన ఈ నిబంధన వాళ్ళ ప్రయాణాన్ని ఆపలేదు, దొంగదారి పట్టించింది. సందర్శక వీసా మీద పంపితే ప్రభుత్వ రికార్డులో ఆమె ఉద్యోగిగా లేదు, ఒప్పందం లేదు, బీమా లేదు. ఇప్పుడా వీసా ఏజెంటు ఫోన్లో ఒక బొమ్మగా వస్తుంది. అది పని వీసానా, సందర్శక వీసానా అన్నది ఆమె చదవగలిగితే విమానం ఎక్కకముందే ప్రశ్న అడిగేది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళే స్త్రీలతో పనిచేసేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఆమె ఎక్కడుందో తెలియక ఇంట్లోవాళ్ళు సంఘం దగ్గరికి వచ్చేసరికి మన చేతుల్లో వీసా నకలైనా ఉండదు.

కాబట్టి మన సంఘాలు వెంటనే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రయాణానికి సిద్ధమయ్యే ప్రతి స్త్రీకీ ముందుగా తన పేరుతో ఈమెయిలు తెరిపించాలి. పాస్‌వర్డు ఆమే ఎంచుకోవాలి, ఆమె పుస్తకంలోనే ఉండాలి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాల్నే టికెట్టులోనూ ఫారంలోనూ పెట్టాలి. ఆ దేశ ప్రభుత్వ సైటులోనే నింపాలి, ఎంత ఫీజో అక్కడే చూడాలి. సంతకానికి ముందు ప్రతి జవాబునీ ఆమెకి తెలుగులో చదివి వినిపించాలి. వచ్చిన కార్డునీ వీసానీ కాగితం మీద అచ్చు తీసి ఒకటి ఆమె దగ్గర, ఇంకొకటి ఆమె నమ్మిన స్నేహితురాలి దగ్గర ఉంచాలి. ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం. పొదుపు సంఘాలకి లెక్కల పుస్తకం రాయడం నేర్పినవాళ్ళు ఇది ఎందుకు నేర్పకూడదు? మన దేశపు ఫారాలు తెలుగులో ఎందుకు ఉండకూడదు?

తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్ విమానాశ్రయంలో గంటన్నర ఖాళీ దొరికింది. ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టి "నాక్కూడ ఒక మెయిల్ తెరువు మేడం" అంది. నేను ఫోన్ తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమే తెరిచింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నా వైపు చూసి "నువ్వు అటు తిరుగు" అంది.

నేను సంతోషంగా అటు తిరిగాను.